ఎంఏ ఎకనామిక్సా, ఎంబీఏ ఫైనాన్సా: డిగ్రీ అయ్యాక ఏది మేలు?

హన్మకొండ, కరీంనగర్ కాలేజీల్లో డిగ్రీ చివరి సెమిస్టర్ పిల్లలు ఈ రెండు కోర్సులనూ ఒకే గాటన కట్టేస్తుంటారు. రెండూ డబ్బు చదువులే అయినా అడిగే ప్రశ్నలు వేరు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తినే తీసుకోండి. సరుకంతా ఒక్కసారి వచ్చి పడితే ధర ఎందుకు దిగుతుంది? తేమ 12 శాతం దాటిందని సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనకపోతే, మద్దతు ధర ఉండి కూడా రైతు ఎవరికి, ఎంతకు అమ్ముకోవాలి? ఇవి ఎకనామిక్స్ ప్రశ్నలు. అదే పత్తిని జిన్నింగ్ మిల్లు (గింజ తీసి దూదిని బేళ్లు కట్టేది) కోటి రూపాయల అప్పుతో కొన్నదనుకుందాం. బేళ్ల డబ్బు చేతికి రావడానికి 60 రోజులు పడితే, ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీయే సుమారు రూ.1.97 లక్షలు. అది పోను మిల్లుకు మిగిలేదెంత అన్న లెక్క ఫైనాన్స్‌ది. వీటిలో ఏ ప్రశ్న మీద మనసు నిలుస్తుందో ముందు చూసుకోండి.

కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ సీటుకు సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఎంబీఏకు ఐసెట్. ఇందులో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు: అనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. అకౌంట్స్‌కు విడిగా విభాగమే లేదు కాబట్టి మంచి ర్యాంకు వచ్చినా ఫైనాన్స్ తలకెక్కుతుందన్న భరోసా లేదు. వరంగల్ నిట్‌లో ఎంబీఏకైతే ఐసెట్ ర్యాంకు పనికిరాదు.

ఎంఏలో దెబ్బ తగిలేది లెక్కల దగ్గర. ఇంటర్‌లో హెచ్ఈసీ, సీఈసీ చదివినవాళ్లు మైక్రో ఎకనామిక్స్‌లో లాగ్రాంజ్ పద్ధతి (షరతుకు లోబడి గరిష్ఠ, కనిష్ఠాలు కనుక్కునే లెక్క), ఎకనామెట్రిక్స్‌లో రిగ్రెషన్ (ఒకటి మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్క) రాగానే నోట్సు బట్టీ పడతారు. సూత్రం ఎక్కడ పుట్టిందో తెలియదు గనక ప్రశ్న కాస్త మారిస్తే ఆగిపోతారు. దీనికి మందు ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాల్లోనే ఉంది: 1ఏలో మాత్రికలు, 1బీలో అవకలనం, గరిష్ఠ కనిష్ఠాలు, 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. క్లాసులు మొదలయ్యేలోపు వీటిని పూర్తిచేసిన విద్యార్థికి ఎంఏ భయపెట్టదు.

ఎంబీఏలో బీఎస్సీ, బీటెక్ వాళ్లు అకౌంట్స్‌లో తడబడతారు. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, ఫైనల్ అకౌంట్స్ వరసగా చేతితో వేసి నేర్చుకోకపోతే తర్వాత వచ్చే క్యాష్ ఫ్లో (డబ్బు రాకపోకలు), ఎన్పీవీ (రాబోయే డబ్బు నేటి విలువలోంచి పెట్టుబడి తీసేసే లెక్క) ఉత్త సూత్రాలే. పైగా మొదటి ఏడాది మార్కెటింగ్, హెచ్ఆర్ కూడా చదవాలి. ఫైనాన్స్ స్పెషలైజేషన్ రెండో ఏడాదిలోనే.

ఉద్యోగాల సంగతి. యూపీఎస్సీ నడిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్ పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాలన్నా, జూనియర్ లెక్చరర్ కావాలన్నా ఎంఏయే దారి. గ్రూప్-1, గ్రూప్-2 ఎకానమీ పేపర్లకూ ఆ చదువు అక్కరకొస్తుంది. ఇంట్లో రెండేళ్లలో జీతం రావాలంటే ఎంబీఏ మేలు, అదీ కాలేజీ మంచిదైతేనే. పేరులేని కాలేజీలో ఎంబీఏ కంటే కాకతీయలో ఎంఏ నయమని మా అభిప్రాయం.

సీటు ఖాయం చేసుకునే ముందు నిరుటి ఫైనాన్స్ బ్యాచ్‌లో నలుగురిని కలిసి, ఉద్యోగం పేరు కాదు, రోజంతా చేసే పనేంటో అడగండి. రిలేషన్‌షిప్ ఆఫీసర్ అంటే చాలాచోట్ల లోన్లు, ఇన్సూరెన్సు అమ్మే టార్గెట్ పనే.