రెండోసారి గుండె ఆపరేషన్: మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా?

మా పెద్దక్కకు రెండోసారి గుండె ఆపరేషన్ అయిన దగ్గర నుంచి, వాల్వు మళ్లీ మార్పించుకోవలసిన వారి ఇళ్ల నుంచి, ఇటు గోదావరి లంకల్లోనూ అటు రాజోలు, అమలాపురం వైపూ, ఒకే ప్రశ్న వస్తోంది: ఈసారి మెటల్ వాల్వు వేయించాలా, జంతువుల కణజాలంతో చేసిన టిష్యూ వాల్వు వేయించాలా? మెటల్ వాల్వు అరగదనీ, దానికి జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వాడాలనీ, టిష్యూ వాల్వుకు ఆ బెడద తక్కువే గానీ పది, పదిహేనేళ్లకు పాడవుతుందనీ అడిగేవారందరికీ తెలుసు. తెలిసిన తరువాత కూడా ఎటూ తేల్చుకోలేకపోతున్నారు.

మెటల్ వాల్వు వైపు ఉన్న బలమైన కారణాన్ని ముందుగా చెప్పాలి. ఒకసారి తెరిచి మూసిన ఛాతీలో గుండె రొమ్ము ఎముక వెనుక అతుక్కుని ఉంటుంది. దానిని విడదీసేటప్పుడే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది కనుక, మూడో ఆపరేషన్ రాకుండా చూసుకోవాలన్న కోరిక ఎంతో న్యాయమైనది. వయసు తక్కువగా ఉన్నవారిలో టిష్యూ వాల్వు తొందరగా సున్నం పట్టి బిరుసెక్కుతుంది. అందుకే 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని బృహద్ధమని వాల్వుకు 50 ఏళ్లలోపు, గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వుకు 65 ఏళ్లలోపు మెటల్ వైపే మొగ్గు చూపాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన చిత్రా వాల్వును 1990 నుంచి మనవాళ్లకు అమరుస్తూనే ఉన్నారు. మెటల్ వాల్వు పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు.

అయితే ఆ లెక్కలన్నీ రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష నెలనెలా జరుగుతుందనీ, మాత్ర ఒక్క పూట కూడా తప్పదనీ అనుకుని వేసినవి. నా మట్టుకు నిర్ణయమంతా అక్కడే ఉంది.

అక్కకు ముప్పై తొమ్మిదో ఏట మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు వేశారు. ఆమె ఐఎన్‌ఆర్ 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. తేదీ, ఐఎన్‌ఆర్, ఎన్ని మిల్లీగ్రాముల మాత్ర అన్న మూడు గడులు గీసి బావ ఒక నోటు పుస్తకం పెట్టాడు. మొదటి అయిదేళ్లు వరుస తప్పలేదు. తరువాత వరికోతల నెల ఖాళీ, ఏటిగట్టు దాటి వెళ్లలేని ఆగస్టు ఖాళీ; ఒకసారి 1.6, మరొకసారి 5 పైన. ఆ 5 పైన వచ్చింది, పుండు పడిన పంటికి వాడిన మెట్రోనిడజోల్ మాత్రల తరువాత. నడుము నొప్పికని ఊళ్లో ఆర్‌ఎంపీ చేసిన డైక్లో ఇంజెక్షన్‌కు పిర్ర మీద అరచేయంత రక్తం గడ్డకట్టి నల్లబడింది. మునగాకు, పొన్నగంటి కూర పెరట్లో పెరిగే ఇళ్లలో ఆకుకూర ఒక వారం విరివిగా, మరో వారం అసలు లేకుండా తినడం మామూలే. అందులోని విటమిన్ కె హెచ్చుతగ్గులతో ఐఎన్‌ఆర్ కూడా ఊగిసలాడుతుంది.

ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై వరదలో ఆమె మాత్రలు అయిపోయాయి. ఆరు రోజులు లేవు. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి పక్కన పడుకున్నవారికి వినిపించే ఆ వాల్వు టిక్కు టిక్కు మందగించిందని బావ గమనించాడు గానీ, చుట్టూ నీటి హోరులో తనకు వినపడడం లేదేమో అనుకున్నాడు. మెటల్ వాల్వు ఉన్నవారి ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి: ఆ శబ్దం మొద్దుబారితే వాల్వుకు గడ్డ పట్టి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పడవ మీద గట్టుకు చేర్చి కాకినాడ తీసుకువెళ్లేసరికి ఆయాసంతో మాట పెగలడం లేదు. గడ్డను కరిగించే మందు పని చేయలేదు, ఆపరేషన్ తప్పలేదు. వయసు 54. మార్గదర్శకాల లెక్క ప్రకారం మళ్లీ మెటల్. మేము టిష్యూ అన్నాము.

గుండె లయ తప్పి ఉండడం వల్ల ఆమెకు పలచబడే మాత్ర ఇప్పటికీ ఉంది. అలాంటప్పుడు టిష్యూ వల్ల ఒరిగిందేమిటని అడిగినవారున్నారు. మాత్ర తప్పితే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నమాట నిజమే, కానీ నాలుగు రోజుల పొరపాటుకు వాల్వే బిగుసుకుపోయే భయం మెటల్‌తో పోలిస్తే చాలా తక్కువ. పైగా టిష్యూ వాల్వు పాడైనప్పుడు ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం గుండా దాని లోపలే కొత్త వాల్వు అమర్చే పద్ధతి వచ్చింది. అందరికీ అది కుదరదు. ఇప్పుడు వేసేది మరీ చిన్న సైజైతే లోపల మరొకటి ఇరుకవుతుంది. కనుక ఏ సైజు వేస్తున్నారో, రేపు దాని లోపల మరొకటి పడుతుందో లేదో సర్జన్‌ను ముందే అడగండి.

పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలకు, మాత్ర గర్భంలోని బిడ్డను దెబ్బతీస్తుంది కనుక, టిష్యూ సంగతి తప్పక ఆలోచించాలి. రాస్ ఆపరేషన్ (ఊపిరితిత్తుల దారిలోని సొంత వాల్వునే తెచ్చి అమర్చడం), హోమోగ్రాఫ్ట్ (చనిపోయిన దాత వాల్వు) వంటివి కొద్ది చోట్లే చేస్తారు. మన వాళ్లలో చాలామందికి ఆ ప్రశ్నే రాదు.

మొదటిసారి వెళ్లేవారి దగ్గర లేని సాక్ష్యం, మెటల్ వాల్వుతో రెండోసారి వెళ్లేవారి దగ్గర ఉంటుంది: ఐఎన్‌ఆర్ పుస్తకం. గడచిన రెండేళ్ల పుటలు తిప్పండి. అంకెలు చాలావరకు హద్దుల్లో ఉండి, మనిషి యాభై లోపైతే మళ్లీ మెటల్ వేయించండి, నేనూ అదే అంటాను. ఖాళీ గడులు కనిపిస్తే, వాటిని ఇకపై ఎవరు నింపుతారో పేరు పెట్టి చెప్పగలగాలి, చెప్పలేకపోతే టిష్యూ. మొదట టిష్యూ వేయించుకున్నవారికి ఈ పుస్తకం ఉండదు కనుక, రక్తం ఇచ్చే ల్యాబు ఏటికి ఏ గట్టున ఉందో, వరద నెలల్లో అక్కడికి దారి ఏదో, అదనంగా నెల మాత్రలు ఇంట్లో ఎవరు దాచిపెడతారో సంతకం పెట్టే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి.