మట్టి బొమ్మల కొట్లాట: 1993 క్లేఫైటర్ మేలా, 63⅓ మేలా?

మోర్టల్ కాంబాట్ అనే కొట్లాట వీడియో గేమ్‌లో తలలు తెగి రక్తం చిమ్ముతున్న రోజుల్లో, ఆ ఆర్భాటాన్ని వెక్కిరిస్తూ వచ్చిన ఆట క్లేఫైటర్. 1993లో సూపర్ నింటెండో అనే గేమ్ మెషీన్‌లో దిగింది. తయారుచేసింది విజువల్ కాన్సెప్ట్స్. తర్వాత ఎన్‌బీఏ 2కే అనే బాస్కెట్‌బాల్ ఆటలతో పేరు తెచ్చుకున్నదీ వీళ్లే. ఒక సర్కస్ మీద మట్టి ఉల్క పడుతుంది, అక్కడున్న వాళ్లంతా వింత ఆకారాలైపోతారు. కథ అంతే. కొట్టుకోవడానికి అంతకు మించి కారణం ఎందుకు?

ఇందులో బొమ్మలు గీసినవి కావు. నిజం మట్టితో చేసి, భంగిమ మార్చిన ప్రతిసారీ ఫొటో తీసి ఆటలోకి ఎక్కించారు. మోర్టల్ కాంబాట్ వాళ్లు నటుల్ని కెమెరా ముందు నిలబెడితే వీళ్లు మట్టి ముద్దల్ని నిలబెట్టారన్నమాట. ఆ ఫలితం కదలికలో కనిపిస్తుంది. ట్యాఫీ అనే మిఠాయి బొమ్మ చేతులు జీళ్లపాకంలా సాగుతాయి. బ్లాబ్ అనే పచ్చ ముద్ద ఉన్నట్టుండి రంపపు చక్రమై మీదికి దూసుకొస్తుంది. ఎల్విస్ వేషగాడు, కొమ్ముల టోపీ పెట్టుకున్న లావుపాటి ఒపెరా గాయని హెల్గా, గుమ్మడికాయ తల దెయ్యం... ఎవరూ నోరు తెరిచి జోకు చెప్పక్కర్లేదు, నడిస్తే చాలు నవ్వొస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్ 2 ఆడిన చేతికి ఇది కాస్త నిదానం. 1994లో టోర్నమెంట్ ఎడిషన్ అని కొన్ని తప్పులు దిద్ది మళ్లీ వదిలారు, దొరికితే అదే పట్టండి. 1995లో వచ్చిన రెండో భాగం గురించి పెద్దగా చెప్పడానికి లేదు.

ఇక 1997 నాటి క్లేఫైటర్ 63⅓. నింటెండో 64 అనే గేమ్ మెషీన్‌కి వచ్చిన ఆటలు చాలావాటి పేరు చివర 64 తగిలించేవాళ్లు కదా, దాని మీద వెటకారం ఈ పేరు. వెనక దృశ్యం త్రీడీ అయింది. గట్టిగా కొడితే అవతలివాడు ఎగిరి ఇంకో చోట పడతాడు, మనమూ వెంట వెళ్లి అక్కడ కొట్టుకోవచ్చు. వేరే ఆటల హీరోలు ఎర్త్‌వార్మ్ జిమ్, బూగర్‌మ్యాన్ చుట్టాల్లా వచ్చి చేరారు. నిజం బాక్సింగ్ రింగుల్లో కేకేసే మైకేల్ బఫర్ తన ‘రంబుల్’ మాటను ‘క్రంబుల్’గా మార్చి అరుస్తాడు. మోర్టల్ కాంబాట్‌లో ఓడినవాణ్ని చంపే ఆఖరి దెబ్బలు, అంటే ఫేటాలిటీలకు పేరడీగా క్లేటాలిటీలు.

మొదటి గంట బాగా నవ్వాను. తర్వాత చిక్కు మొదలైంది. అవే మాటలు, అవే అరుపులు తిరిగి తిరిగి వస్తాయి. మాటతో పుట్టిన నవ్వు మూడోసారికి చప్పబడిపోతుంది. పైగా కుంగ్ పావ్ అనే చైనా వంటవాడి యాస మీద వేసిన జోకులు ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటాయి. మట్టి బొమ్మలు కూడా ఆ త్రీడీ గదుల ముందు అతికించినట్టే కనిపిస్తాయి.

1998లో ఇదే ఆటకి ఇంకో నలుగురిని కలిపి స్కల్ప్టర్స్ కట్ అనే కూర్పు తెచ్చారు. అది అమెరికాలో బ్లాక్‌బస్టర్ అనే వీడియో అద్దె షాపుల్లో మాత్రమే దొరికింది, అందుకే అసలు క్యాట్రిడ్జ్‌కి సేకరించేవాళ్ల దగ్గర కళ్లు తిరిగే ధర. ఆట కోసమైతే అంత పెట్టకండి.

ఒక్క సాయంత్రానికి ఫ్రెండ్స్ వస్తున్నారంటే 63⅓ పెట్టండి, గోల బాగుంటుంది. నా ఓటు మాత్రం 1993 దానికే. ట్యాఫీ చెయ్యి సాగి తగిలిన ప్రతిసారీ, దెబ్బ నాకే తగిలినా, నవ్వు ఆగదు.