ఇంటి ఆస్తి పిల్లలకి చెప్పాలా, దాచాలా, వాళ్ళ పేరన రాసేయాలా?

పోయిన నెలలో ఒక భార్యాభర్తలు ఐదో తరగతి చదివే కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. బాపట్లలో దస్తావేజులు రాసే పని నాది, ఇరవై ఆరేళ్ళుగా ఇదే కుర్చీ. ఊరి చివర కొంటున్న రెండు వందల గజాల స్థలం పిల్లాడి పేరన రిజిస్టరు చేయించాలని వాళ్ళ కోరిక. నేను వివరాలు రాసుకుంటుంటే ఆ పిల్లాడు బల్ల మీదికి వంగి, "అంకుల్, ఇది నాదేనా? మరి నేను అమ్ముకోవచ్చా?" అని అడిగాడు. తండ్రి నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. పిల్లాడు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు వాళ్ళ నాన్నకీ తెలియదు.

నా బల్ల ముందుకొచ్చే కుటుంబాల్లో మూడు రకాల పెంపకం చూస్తుంటాను. ఉన్నదంతా పిల్లలకి తెలియకుండా దాచేవాళ్ళు కొందరు. పుట్టిన దగ్గర్నుంచీ కొన్నదల్లా వాళ్ళ పేరనే పెట్టుకుంటూ పోయేవాళ్ళు కొందరు. ఇంత ఉంది, ఇలా వచ్చింది, ఇంత అప్పుంది అని పిల్లలకి లెక్క చెబుతూ పెంచేవాళ్ళు బహు కొద్దిమంది. ఇద్దరు పిల్లల తండ్రిగా నాకూ ఈ మూడిట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు.

దాచి పెంచితే

మా నాన్నది ఈ దారి. ఆయన్ని తప్పుపట్టను. 1977 నవంబరు ఉప్పెన కళ్ళారా చూసిన తరం అది. ఒక్క రాత్రిలో ఉన్నదంతా పోతుందని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉందని తెలిస్తే పిల్లలు చదవరు, చుట్టాలు చేబదులడుగుతారు, నలుగురి నోళ్ళలో పడతాం అని భయం. అందుకని ఫీజు కట్టాల్సిన రోజున కూడా "డబ్బుల్లేవురా" అనే మాటతోనే మొదలుపెట్టేవాడు.

2004లో నాన్న పోయాక ట్రంకుపెట్టె తాళం పగలగొట్టాం. అడుగున, పంచెల కింద, ప్లాస్టిక్ కవర్లో నాలుగు ప్రామిసరీ నోట్లు. ఆయన అప్పిచ్చినవి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకాలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నోటు రాసిన మూడేళ్ళలోపు దావా వేయాలి, లేదా ఎంతో కొంత జమ కట్టించుకుని వెనకాల చెల్లు రాయించుకోవాలి. లేకపోతే కాలదోషం పడుతుంది. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూశాను. చివరి చెల్లు 1998. నాలుగూ పనికిరానివే. ఊళ్ళోవాళ్ళకి రోజూ నోట్లు రాసిపెట్టే నాకు, మా ఇంట్లో నోట్లున్న సంగతి తెలియదు. ఒక్క మాట చెవిన వేసి ఉంటే 2001 లోపే నలుగురి దగ్గరా చెల్లు వేయించి ఉండేవాణ్ణి. డబ్బు పోయిందన్న బాధ కొన్నాళ్ళకి పోయింది. నాకు చెప్పాలని ఆయనకి ఎందుకు అనిపించలేదన్నది మాత్రం ఇంకా పోలేదు.

బ్యాంకుల్లోనూ ఇదే కథ. పదేళ్ళు కదలిక లేని డిపాజిట్లని బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపేయాలి. ప్రభుత్వ రంగ బ్యాంకులు 2023 ఫిబ్రవరి నాటికి అలా పంపినదే 35 వేల కోట్ల పైచిలుకు. అదే ఏడాది ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది, పేరు కొట్టి వెతుక్కోవచ్చు. ఇంటి పెద్ద పోయిన కుటుంబాలు ఒకసారి వెతకండి. మా అత్తగారి తరఫున మాకు ఒక చిన్న ఎఫ్‌డీ అలాగే దొరికింది.

"డబ్బుల్లేవు" అనే మాట పిల్లల మనసులో ఏం చేస్తుందో కూడా చెప్పాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తానని చెప్పి చూసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ఆగగలిగినవాడు గట్టివాడని మనం తీర్మానించేసుకున్నాం. 2013లో రాచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చువేసిన మరో ప్రయోగం దీన్ని ఇంకో వైపు నుంచి చూపించింది. ముందుగా మంచి రంగు పెన్సిళ్ళు తెస్తానని చెప్పి తేని మనిషి దగ్గర పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు. చెప్పినట్టు తెచ్చిన మనిషి దగ్గర పన్నెండు నిమిషాలు ఆగారు. పరీక్షించింది 28 మంది పిల్లల్నే, అయినా అది చదివిన రోజు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. లేవన్న మర్నాడే ఇంటికి కొత్త బండి వస్తే, ఓపిక పట్టడం దండగని పిల్లాడు నేర్చుకుంటాడు.

ఈ దాపరికం అందరికంటే ఎక్కువగా కొట్టేది ఆడపిల్లల్ని. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటా, పెళ్ళైన కూతుళ్ళకి కూడా ఆ హక్కు ఇచ్చింది. నలభై ఏళ్ళు గడిచినా, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకానికి వచ్చిన ఆడపడుచుని "అమ్మా, ఏ ఆస్తి వదులుకుంటున్నావో తెలుసా?" అంటే "అన్నయ్య పెట్టమన్నాడండీ" అనే జవాబే వింటున్నాను. షెడ్యూలు, అంటే దస్తావేజులోని ఆస్తి వివరం, మొత్తం ఆమెకి చదివి వినిపించందే నేను సంతకం తీసుకోను. ఈ పట్టుదల వల్ల పోయిన గిరాకీ పోయింది.

పేరన పెడితే

మొదట చట్టం సంగతి. మైనరు పేరన ఉన్న స్థిరాస్తిని కన్నతండ్రైనా జిల్లా కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. 1956 నాటి చట్టం. రేపు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ వచ్చినా, ఆ పిల్లకే సీటొచ్చి డబ్బు కావాల్సొచ్చినా, ఆ స్థలం వెంటనే అక్కరకి రాదు. అనుమతి లేకుండా అమ్మితే పిల్లాడు మేజరయ్యాక ఆ అమ్మకం చెల్లదని కోర్టుకెక్కొచ్చు, అందుకే కొనేవాడూ ముందుకు రాడు. పన్నులో కలిసొస్తుందని చేసేవాళ్ళకి ఒక మాట: మైనరు పేరన వచ్చే అద్దె, వడ్డీ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలోనే కలుస్తాయి.

పేరన పెట్టదగ్గదంటూ ఉంటే సుకన్య సమృద్ధి లాంటివి. పదేళ్ళలోపు ఆడపిల్లకి ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా, పదిహేనేళ్ళు కడతాం. పద్దెనిమిది నిండాక ఖాతా ఆ పిల్ల చేతికే వస్తుంది, పైచదువుకి సగం దాకా తీసుకోవచ్చు. ఎప్పుడు చేతికొస్తుందో ముందే తెలిసిన డబ్బు అది. భూమి అలా కాదు. పదేళ్ళవాడికి "నీకు ఇంత ఉంది" అని మాత్రమే తెలుస్తుంది. దాని వెనక ఎవరి ఎన్నేళ్ళ కష్టం ఉందో పట్టాదారు పాసుపుస్తకంలో రాసి ఉండదు.

పెద్దయిన పిల్లలకి దాన సెటిల్‌మెంట్ రాసేయడం, అంటే బతికుండగానే ఆస్తి వాళ్ళకి ఇచ్చేయడం, ఇంకో రకం. ఇక్కడ నా సలహా ఎప్పుడూ ఒకటే: వీలైతే వీలునామా రాయండి. బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిదే). దానం అలా కాదు, రాసిచ్చాక మనసు మారిందంటే కుదరదు. రాయక తప్పకపోతే మీ జీవితకాల అనుభవ హక్కు అట్టేపెట్టుకోండి, తిండీ వైద్యం చూసుకోవాలన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పిన బిడ్డకి ఇచ్చిన దానాన్ని ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. షరతు ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలు కోరి ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో కేసులో అంది. కోర్టు ఏ రోజు ఎలా చదువుతుందోనని ఎదురుచూడటం కంటే రెండు వాక్యాలు ఎక్కువ రాయించుకోవడం నయం.

లెక్క చెబితే

నేను ఈ దారి పట్టాను. ఒక్కసారిగా కాదు. ఆరేళ్ళ పిల్లకి భూమి విలువ చెబితే బళ్ళో గొప్పలకి తప్ప దేనికీ పనికిరాదు. మా అమ్మాయికి పన్నెండు నిండాక నెలకి ఐదొందలు అని మొదలుపెట్టాను. ఒకటో తారీకున ఇవ్వడం, మళ్ళీ ఒకటో తారీకు దాకా అడగకూడదు. మొదటి నెల తొమ్మిదో తేదీకే అయిపోయాయి, స్నేహితురాలి పుట్టినరోజుకీ రంగు పెన్నులకీ. మా ఆవిడ "పోనీ ఓ వంద ఇద్దామండీ, మొహం చిన్నబుచ్చుకుని తిరుగుతోంది" అంది. ఇవ్వలేదు. ఇరవై రోజులు ఆ మొహం చూస్తూ ఉండటం నాకూ కష్టంగానే గడిచింది. మూడో నెలకి బీరువా తలుపు లోపలి వైపు చిన్న కాగితం అంటించుకుని ఖర్చు రాసుకోవడం మొదలుపెట్టింది. నేను చెప్పలేదు.

అడిగినప్పుడల్లా ఇచ్చే ఇళ్ళలో పిల్లలు నేర్చుకునేది అడిగే విద్య. అమ్మ ఏ వేళప్పుడు మెత్తగా ఉంటుంది, నాన్నకి ఎప్పుడు కోపం ఉండదు అన్న లెక్క వాళ్ళకి బాగా వస్తుంది. మార్కులకీ ఇంటి పనికీ డబ్బిచ్చే పద్ధతి నేను ఒప్పుకోను. కంచం కడిగినందుకు పది రూపాయలంటే, పది రూపాయలు అక్కర్లేని రోజున కంచం కడగడు. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి మళ్ళీ స్పష్టంగా చెప్పింది. ఎంత వరకు వాడనివ్వాలన్నది ఆ బ్యాంకు ఇష్టం. మా పిల్లలిద్దరికీ ఖాతాలున్నాయి.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొడుగు నోటు పుస్తకం తీస్తాం. కరెంటు, గ్యాసు, ఫీజు, ఇంటి లోను కంతు, మా అమ్మ మందులు. ఒక పేజీలో పొలం. నాన్న వదిలిన రెండెకరాలు కౌలుకిచ్చాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ సంక్రాంతికి కౌలు సగమే వేసుకున్నాను. పదిహేనేళ్ళ మా అబ్బాయి పుస్తకం చూసి, "ఆయనకి నష్టమొస్తే మనకెందుకు తగ్గాలి నాన్నా? మాటంటే మాటే కదా" అన్నాడు. లెక్క ప్రకారం వాడన్నది నిజమే. జవాబు చెప్పకుండా స్కూటరెక్కించుకుని పొలానికి తీసుకెళ్ళాను.

గట్టు మీద కోసి కట్టిన వరి పన ఒకటి ఇంకా అలాగే ఉంది. కౌలు చేసే బాబాయి దాన్ని విప్పి చూపించాడు. వెన్నులోనే గింజలు మొలకలెత్తి, తెల్లటి వేర్లు ఒకదానికొకటి అల్లుకుని, విడదీస్తే పీచులా చిరిగింది. పులిసిన వాసన. "పిల్లాడికెందుకు చూపిస్తావులే అబ్బాయ్, సగమన్నా ఇచ్చుకుంటాగా" అన్నాడు బాబాయి. మావాడు ఆ పన చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఇంటికొచ్చాక పుస్తకం తెరిచి, కౌలు అంకె పక్కన "తుపాను" అని వాడే రాశాడు.

బ్యాంకులో ఎంతుందన్న అంకె ఒక్కటీ చెప్పేస్తే లెక్క చెప్పినట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ అంకె ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా చూపించాలి. అప్పులు చెప్పడం ఇంకా ముఖ్యం. చాలామంది ఆస్తి చెప్పి అప్పు దాస్తారు, అది దాచి పెంచడం కంటే చెడ్డది. ఈ దారిలోనూ ఇబ్బందులున్నాయి. పిల్లలు బయట అనేస్తారు, మావాడు ఒకసారి మేనత్త ముందు లోను సంగతి అనేశాడు. నాకు కాస్త చిన్నతనమనిపించింది, అంతే.

ఇక మీ ఇంటి సంగతి. ఆస్తి ఈమధ్యే, అంటే రోడ్డు పడో, లేఅవుట్ పడో ఒక్కసారిగా విలువ పెరిగి వచ్చినదైతే, పిల్లలకి ముందుగా చిన్న మొత్తాలు పూర్తి స్వేచ్ఛతో ఇచ్చి చూడండి. పెద్దవి మీ పేరనే ఉంచుకుని వీలునామా రాయండి. పిల్లలు ఇప్పటికే పెద్దవాళ్ళై, మీరు ఇన్నాళ్ళూ దాచినవాళ్ళైతే, కూతురితో సహా అందరినీ కూర్చోబెట్టి ఒక్క రోజులో అంతా చెప్పేయండి, ఆలస్యం పనికిరాదు. మద్యానికో జూదానికో అలవాటుపడ్డ బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం నా సలహా పనికిరాదు. అక్కడ వకీలుని కలిసి, ఆస్తి కాపాడే ఏర్పాటు ముందు చూసుకోవాలి.

ఐదో తరగతి పిల్లాడి స్థలం చివరికి తల్లిదండ్రులిద్దరి పేరన రిజిస్టరైంది. వేలిముద్రలు వేసి బయటికొచ్చాక ఆ పిల్లాడు మళ్ళీ పట్టుకున్నాడు, "నాన్నా, గజం ఎంత? అన్ని డబ్బులు మనకెక్కడివి?" అని. తండ్రి ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత వేపచెట్టు కింద బెంచీ మీద వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ గొలుసు తాకట్టులో ఉంది రా" అని మొదలుపెట్టాడు.