ఇంటి పీసీకి దారి వేసుకోవడమా, సర్వర్ అద్దెకు తీసుకోవడమా: ఏది మేలు?

ఇల్లు కూకట్‌పల్లిలో, ఆఫీసు గచ్చిబౌలిలో. ఇంటి పీసీలో ఉన్న ట్యాలీ డేటానో, సగంలో ఆగిన వీడియో ఎడిటింగో ఆఫీసు నుంచి తెరవాలి. ఆ మాత్రానికి సర్వర్ అద్దె దండగ. అదే పీసీ మీద కస్టమర్లు చూసే వెబ్‌సైట్ నడుపుతానంటే మాత్రం తలనొప్పి కొనితెచ్చుకున్నట్టే. ఖర్చు లెక్క తర్వాత చూడొచ్చు, లోపలికి ఎవరెవరు రావాలో ముందు తేల్చుకోండి.

ఇంటి పీసీ దారిలో మొదటి అడ్డంకి సీజీనాట్. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో కనబడే అడ్రసును) బోలెడన్ని ఇళ్ళు పంచుకుంటాయి, దాని పేరే సీజీనాట్. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపున ఉన్న అడ్రసు) చూడండి. 100.64 మొదలు 100.127 దాకా ఏదైనా కనబడితే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను పీసీకి మళ్ళించమని రౌటర్‌కు చెప్పడం) ఎంత చేసినా వృథా. స్టాటిక్ ఐపీకి (మారని సొంత పబ్లిక్ ఐపీకి) విడిగా డబ్బు కట్టొచ్చు గానీ, పీసీలోనూ ల్యాప్‌టాప్‌లోనూ టెయిల్‌స్కేల్ (మీ మెషీన్లను ఇంటర్నెట్ మీదుగా ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే యాప్) వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ అవసరమే రాదు. పబ్లిక్ ఐపీ ఉన్నా సరే, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి పీసీ తెర చూస్తూ నడిపే సదుపాయం) వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు నేరుగా తెరవొద్దు. పాస్‌వర్డ్‌లు గుడ్డిగా కొట్టి చూసే బాట్లు దానికోసమే తిరుగుతుంటాయి. ఇంకో తిరకాసు, విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళలేం. ప్రో ఉండాలి, లేదా అదే పని చేసే రస్ట్‌డెస్క్ యాప్ పెట్టుకోవాలి. దాన్ని సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకపోయినా దానంతటదే మొదలయ్యేలా) ఇన్‌స్టాల్ చేయకపోతే, రాత్రి అప్‌డేట్ పడి పీసీ రీస్టార్టయ్యాక ఇక కనెక్ట్ కాదు.

అసలు బెడద కరెంటుతో. వేసవి గాలిదుమారానికి కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ మామూలు డెస్క్‌టాప్‌ను పది పదిహేను నిమిషాలు లాగితే గొప్ప. కరెంటు రాగానే పీసీ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల పేజీలో) ఏసీ పవర్ లాస్ సెట్టింగ్ మార్చాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటొకటుంది: యూపీఎస్ సాఫ్ట్‌వేర్ పీసీని ముందే షట్‌డౌన్ చేసి, బ్యాటరీ అయిపోయేలోగా కరెంటు వచ్చేస్తే, కరెంటు పోయిన సంగతే మదర్‌బోర్డుకు తెలియదు. పీసీ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ వేరే పెట్టాలి. ఆఫ్‌లో ఉన్న పీసీని నెట్‌వర్క్ సందేశంతో ఆన్ చేసే వేక్ ఆన్ ల్యాన్‌తో దూరం నుంచి లేపొచ్చు గానీ ఆ సందేశం (ప్యాకెట్) టెయిల్‌స్కేల్ గుండా పోదు. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటర్ దాన్ని పంపాలి.

బిల్లు సంగతి. ఖాళీగా ఉన్నా 60 వాట్లు తాగే పీసీ నెలంతా నడిస్తే 43 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలనుకుంటే 300. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వచ్చే ఇల్లయితే జాగ్రత్త. ఈ 43 కలిసి వాడకం 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

అద్దె సర్వర్‌కు కరెంటు గొడవ లేదు, పబ్లిక్ ఐపీ ఉంటుంది. 1 జీబీ ర్యామ్ ఉన్నది నెలకు ఐదారు డాలర్లు, పైన జీఎస్టీ. అమెజాన్‌కు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది, అకౌంట్‌లో దాన్ని ముందు ఎనేబుల్ చేసుకోవాలి. అక్కడ సర్వర్‌ను ఆపేసినంత మాత్రాన మీటర్ ఆగదు. డిస్క్‌కు, అట్టేపెట్టుకున్న ఐపీకి డబ్బు పడుతూనే ఉంటుంది. 1 జీబీలో ఎన్‌పీఎం బిల్డ్ (జావాస్క్రిప్ట్ సైటును సిద్ధం చేసే పని) పెడితే మెమరీ చాలక మధ్యలో చచ్చిపోతుంది, ముందే 2 జీబీ స్వాప్ ఫైలు (డిస్క్‌లో కొంత చోటును ర్యామ్‌లా వాడుకునేది) చేసుకోండి. ఫైర్‌వాల్ ఆన్ చేసేముందు 22 పోర్టుకు (దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ దారికి) అనుమతి ఇవ్వడం మరిస్తే మీ సర్వర్ మీకే తలుపేస్తుంది. అప్పుడు ప్రొవైడర్ పేజీలోని కన్సోల్ ఒక్కటే దిక్కు. ఇక 1 టీబీ ఫొటోలు అక్కడ పెడదామనుకుంటే, డిస్క్ అద్దె అటుంచి, 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఎక్కించడానికే 22 గంటలు.

సైటూ కావాలి, పెద్ద డిస్కూ కావాలంటే రెండూ కలపడమే మేలు. చవక సర్వర్‌ను గుమ్మంగా ఉంచి, ఇంటి పీసీ నుంచే దానికి వైర్‌గార్డ్ (ప్రైవేటు సొరంగం వేసే వీపీఎన్) కలపండి. కనెక్షన్ లోపలినుంచి బయటికి వెళ్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. కీప్ అలైవ్ (దారి తెరిచి ఉండేలా ఖాళీ ప్యాకెట్ పంపే వ్యవధి) 25 సెకన్లు పెట్టండి. పెట్టకపోతే, కాసేపు ఎవరూ వాడనప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ప్రొవైడర్ సీజీనాట్ ఆ కనెక్షన్‌ను మరచిపోతుంది, సర్వర్ వైపు నుంచి ఇంటికి దారి మూసుకుపోతుంది.