లావుపాటి వారికి ఆపరేషన్ ముందు మత్తు పరీక్ష: బరంపురంలో మేము చూసినది

పర్లాకిమిడి నుంచి మా బావగారిని పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ కోసం బరంపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఆయనది భారీ శరీరం. ఆపరేషన్ సంగతి అలా ఉంచి, దానికి ముందు మత్తు డాక్టరు గారు చేసిన పరీక్ష గురించే ఇక్కడ రాస్తున్నాను.

చాలాచోట్ల బీపీ, షుగరు, ఈసీజీ చూసి ‘ఫిట్’ అని రాసి పంపేస్తారు. ఈ డాక్టరు గారు బావగారిని నిటారుగా కూర్చోబెట్టి, నోరు పూర్తిగా తెరిచి నాలుక బయటపెట్టమన్నారు. అలవాటుగా ‘ఆ’ అనబోతే, శబ్దం చేస్తే లోపలి దృశ్యం మారిపోతుందని వారించారు. కొండనాలుక ఎంతవరకు కనిపిస్తుందో చూసి తరగతి నిర్ణయించే ఈ పద్ధతి, 1985లో దీనిని ప్రచురించిన మన తెలుగు వైద్యులు డాక్టర్ మల్లంపాటి పేరు మీదనే ప్రపంచమంతటా చలామణీలో ఉంది. ఆ తరువాత గొంతుముడి దగ్గర టేపు చుట్టి మెడ కొలిచారు, గడ్డానికీ గొంతుముడికీ మధ్య దూరం చూశారు, మెడ వెనక్కి ఎంత వంగుతుందో పరీక్షించారు. గురక సంగతి మాత్రం బావగారిని కాక మా అక్కను అడిగారు. నిద్రలో ఊపిరి ఆగి మళ్లీ ఉలిక్కిపడినట్టు అందుకుంటారా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఆమె దగ్గరే ఉంటుంది కదా.

లావుగా ఉన్నంత మాత్రాన, మత్తిచ్చాక ఊపిరి అందించడానికి నోటి గుండా పంపే శ్వాసగొట్టం వేయడం కష్టం కాదనీ, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటి, మల్లంపాటి తరగతి 3 లేదా 4 (అంటే కొండనాలుక సరిగా కనిపించకపోవడం) కూడా తోడైతే అనుమానం బలపడుతుందనీ, అయినా ఏ ఒక్క పరీక్షనూ పూర్తిగా నమ్మలేము గనుక గొంతు లోపలి భాగాన్ని తెరపై చూపే వీడియో లారింగోస్కోపు సిద్ధంగా ఉంచుకుంటామనీ ఓపికగా వివరించారు. స్థూలకాయులకు మత్తిచ్చాక రక్తంలో ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. అందుకే చెవి రంధ్రం, రొమ్ము ఎముక పైకొస ఒకే ఎత్తులో ఉండేలా తల, భుజాల కింద ఎత్తు పెట్టి, ముందుగా ఆక్సిజన్ పట్టిస్తారట.

లోపాలూ ఉన్నాయి. అంగీకార పత్రం ఒడియాలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఇంతమంది తెలుగువాళ్లు వచ్చే ఊళ్లో ఇది తగదు. వేచి ఉండే గదిలో చేతులున్న ఇరుకు కుర్చీలే ఉండటంతో బావగారు నిలబడే ఉండవలసి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, గొట్టం వేయడం కష్టమై వీడియో పరికరంతో వేశామన్న మాట డిశ్చార్జి కాగితంలో లేదు, మేము అడిగాకే రాసి ఇచ్చారు. రేపు ఆయనకు శ్రీకాకుళంలోనో విశాఖలోనో మరో ఆపరేషన్ అవసరమైతే అక్కడి మత్తు డాక్టరు మొదట చూడవలసిన కాగితం అది, అడగకుండానే ఇవ్వాలి.