బెల్టు మార్చడమా, డ్రైవ్ పెట్టడమా? డ్రిల్లింగ్ మిషనుకు ఏది మేలు?

రాజాం, బొబ్బిలి, పలాస వైపు చిన్న వర్క్‌షాపుల్లో డ్రిల్లింగ్ మిషను వేగం మార్చాలంటే మూత తీసి, మోటారు వదులు చేసి, బెల్టును పుల్లీ మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కించాలి. పని ఒత్తిడిలో అది ఎవరు చేస్తారు? చిన్న రంధ్రానికీ పెద్ద రంధ్రానికీ ఒకే వేగం నడిపించేస్తారు. బిట్టు మొన నీలంగా మారి పదును పోయేది అక్కడే. నాబు తిప్పితే కరెంటు ఫ్రీక్వెన్సీని (హెర్ట్జ్) మార్చి మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే డ్రైవ్ (వీఎఫ్‌డీ) మీద అందరికీ మనసు పోవడం సహజమే.

ముందు ఒక దారి మూసేద్దాం. ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకే ఫ్యాను రెగ్యులేటరు లాంటిది తగిలిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. వద్దు. ఈ మిషన్లకు ఉండే కెపాసిటర్ స్టార్ట్ మోటారు లోపల ఒక సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది, మోటారు వేగం అందుకోగానే అది స్టార్టింగ్ వైండింగ్‌ను కరెంటు నుంచి తప్పిస్తుంది. వేగం బాగా తగ్గితే అది మళ్లీ కలుస్తుంది, స్టార్టింగ్ వైండింగ్ కరెంటులోనే ఉండిపోయి కాలిపోతుంది. డ్రైవ్ కావాలంటే త్రీ ఫేజ్ మోటారు ఉండాలి.

షాపుకు త్రీ ఫేజ్ సర్వీసు లేకపోయినా పర్వాలేదు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే డ్రైవులు దొరుకుతాయి. అయితే వాటి నుంచి వచ్చేదీ 230 వోల్టులే. మనకు దొరికే 1 హెచ్‌పీ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో (మూడు వైండింగుల ఒక్కో కొన ఒకేచోట ముడిపడి) ఉంటాయి. టెర్మినల్ బాక్సులో ఆరు కొనలుంటే వాటిని కలిపే పత్తీలు మార్చి 230 వోల్టులకు సరిపోయే డెల్టా (వైండింగులు ఒకదాని కొనకు ఒకటి త్రిభుజంలా కలిసేది) చేసుకోవచ్చు. మూడే ఉంటే వైండింగ్ షాపులో లోపలి ముడి విప్పించి ఆరూ బయటికి తీయించాలి.

ఇక అసలు పోటీ. మైల్డ్ స్టీలులో హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు అంచు నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలనుకుంటే 6 ఎంఎం బిట్టు నిమిషానికి సుమారు 1300 చుట్లు, 20 ఎంఎం బిట్టు 400 చుట్లు తిరగాలి. 1440 చుట్ల మోటారును డ్రైవుతోనే 400కి దించితే మామూలు 50 హెర్ట్జ్ బదులు 14 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. టార్క్ (మెలితిప్పే బలం) పెరగదు, పవర్ పావు హెచ్‌పీకి కాస్త పైన మిగులుతుంది. బిట్టు మధ్యలో ఆగిపోతుంది. అదే బెల్టుతో దించితే వేగం తగ్గినంతగా టార్క్ పెరుగుతుంది, మోటారు బలమంతా బిట్టుకు చేరుతుంది. పెద్ద రంధ్రానికి బెల్టే మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

అలాగని డ్రైవ్ దండగ కాదు. బెల్టును 800 చుట్లిచ్చే మెట్టు మీద ఉంచితే 35 నుంచి 62 హెర్ట్జ్ లోపు తిప్పుతూ 8 నుంచి 14 ఎంఎం వరకు మూత తీయకుండా చేసుకోవచ్చు. మెత్తగా స్టార్టవుతుంది, ట్యాపింగ్‌కు (రంధ్రంలో మరలు కోయడానికి) రివర్స్ వస్తుంది. రోజంతా సైజులు మారే షాపుకు బెల్టూ డ్రైవూ రెండూ ఉంచుకోమంటాను. ఒకటే సైజు కొట్టేవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు.

పెట్టేవాళ్లు డ్రైవుకూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకండి, ఆన్ ఆఫ్ డ్రైవు మీదే జరగాలి. మోటారు ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి మే నెల ఎండల్లో తక్కువ వేగంతో గంటలకొద్దీ నడిపితే వేరే ఫ్యాను తగిలించండి. ఇనుప రజను చేరని చోట గాలాడే డబ్బాలో డ్రైవ్ బిగించి, ఎర్తింగ్ తప్పక ఇవ్వండి. ఆఫ్ చేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలు ఆగాకే మూత తీయండి.