జేపీఎల్ స్మాల్ బాడీ డేటాబేస్: 2867 ష్టెయిన్స్ వెతికి చూశా

గ్రహశకలాలు, తోకచుక్కల వివరాలుండే నాసా జేపీఎల్ (జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ) వాళ్ళ సైట్ ఇది, పూర్తిగా ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు. నేను వెతికిన 2867 ష్టెయిన్స్ ఒక గ్రహశకలం. స్పెల్లింగ్ గోల లేకుండా 2867 అని నంబర్ కొడితే నేరుగా పేజీ వచ్చేస్తుంది. ఆర్బిట్ వ్యూయర్ మాత్రం అదిరిపోయిందండి, మార్స్‌కీ జూపిటర్‌కీ మధ్య ఈ చిన్న రాయి 3.6 ఏళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టిరావడం మౌస్‌తో తిప్పి తిప్పి చూడొచ్చు, డేట్ 2008 సెప్టెంబర్ 5కి పెట్టారంటే తోకచుక్క దగ్గరికి బయల్దేరిన యూరప్ వాళ్ళ రోసెట్టా నౌక 800 కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని దాటెళ్ళిన రోజు అది ఎక్కడుందో కనిపిస్తుంది, నాకైతే ఒళ్ళు జలదరించింది.

1969లో క్రిమియాలో సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త నికొలాయ్ చెర్నిఖ్ దీన్ని కనిపెట్టారు, లాత్వియా ఖగోళ శాస్త్రవేత్త కార్లిస్ ష్టెయిన్స్ పేరు పెట్టారు. ఆయన తోకచుక్కల మీద పనిచేసిన మనిషి, ఆయన పేరున్న రాయిని తోకచుక్క దగ్గరికి వెళ్తున్న నౌకే దారిలో చూసి వెళ్ళింది, ఎంత బావుందో కదా!

ఫొటోలకి ఈసా (యూరప్ అంతరిక్ష సంస్థ) సైట్‌కి వెళ్ళండి. అయిదారు కిలోమీటర్ల రాయి, అచ్చం సానబెట్టిన వజ్రంలా ఉంటుంది, దానిమీద 2 కిలోమీటర్ల పెద్ద గుంట పేరు కూడా డైమండే, మిగతా గుంటలకీ రత్నాల పేర్లే పెట్టారు.

టేబుల్‌లో అంకెలు చూసి కంగారు పడొద్దు, మొదట డయామీటర్, పీరియడ్ (సూర్యుణ్ణి ఒకసారి చుట్టొచ్చే సమయం) చూసుకోండి చాలు. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. నా రేటింగ్ 5కి 4.5.